గురక ఆగేలోగా

పోయిన వారం మేనత్తను మనం ఒక కాలు గడపకి ఇవతల, ఒక కాలు అవతల ఉండగా వదిలేసి ఎవరి పనుల మీద వాళ్లం వెళ్లిపోయాం. వారం రోజులుగా పాపం ఆవిడ అలాగే నిలబడి ఉంది. అసలే మోకాళ్ల నొప్పుల మనిషి. అంత పెద్దావిడ అంత అడవిలో ఎందుకు నిలబడిందో రెండు ముక్కల్లో చెప్పుకుని, ఆవిణ్ణి కిందికి దించుదాం. ఆ రెండు ముక్కలూ తెలిసినవాళ్లు ఈలోగా మంచినీళ్లు తాగి రావచ్చు.

ఊరి చివర గుబురు అని అందరూ పిలిచే అడవి ఒకటుంది. అడవి గురించి అడిగేవాడెవడని, దాన్ని నరికి ఒకే అచ్చులో పోసినట్టు వరసగా మేడలు లేపడానికి ఒక కంపెనీ సిద్ధమైంది. నేలను సిద్ధం చేసే పని తీసుకున్న కాంట్రాక్టరుకి చదువు తక్కువ గానీ చదును ఎక్కువ. గుట్ట కనిపిస్తే కొట్టేస్తాడు, గుంట కనిపిస్తే కప్పేస్తాడు. అందుకని ఊరు ఆయనకి చదునుగారు అని బిరుదిచ్చి ఊరుకుంది. ఆ చదునుకి హద్దులు గీసింది మన సర్వేయరు. ఆఫీసులో ఆమెను గొలుసమ్మ అంటారు. మెడలో వేసుకునే గొలుసు కాదు, నేల మీద పరిచి కొలిచే గొలుసు. పాత పటంలో గుబురు నడిమధ్య ‘ఖాళీ’ అని రాసి ఉంటే, ముళ్లకి జడిసి ఆమె కూడా దూరం నుంచే ఖాళీ అని రాసేసింది. తీరా చివరి జెండాలు పాతడానికి మేనత్తను తోడు తీసుకుని లోపలికి వెళ్తే ఏముంది? ఖాళీ తప్ప అన్నీ ఉన్నాయి! నిన్న తీగల వెనక గోడ బయటపడింది. ఇవాళ గోడ వెనక పొయ్యి, పొయ్యికి ఎదురుగా గడప.

గోడ అన్నాక గొడవ రాకుండా ఉంటుందా? ఆ ఊరి నిబంధన ఒకటుంది. పొయ్యి, గడప, నీళ్ల చోటు, ఈ మూడూ ఒకచోట కనిపిస్తే అది ఇల్లు. పైకప్పు ఉన్నా లేకపోయినా ఇల్లే. ఇంటివాళ్లను అడగకుండా దాని రాయి మీద గానీ, చుట్టూ ఉన్న చెట్టు మీద గానీ చెయ్యి వెయ్యకూడదు. మూడింట్లో ఒకటి తగ్గిందా, అది రాళ్లకుప్ప. రాళ్లకుప్పను అడిగేదేముంది, ఎత్తి పోసేయడమే.

పొయ్యి దొరికింది, గడప దొరికింది, అత్త గడప దాటబోతోంది. అప్పుడే వెనక నుంచి “ఆగండి!” అని కేక. అక్కడ ఆపాం.

కేక వేసింది చదునుగారే. మోకాళ్ల దాకా బూట్లు, నెత్తిన గట్టి టోపీ.

“మీ కాలు దింపండమ్మా,” అన్నాడు ఆయన.

“ఎటు దింపమంటావు నాయనా? ఇటు దింపితే నీ స్థలం, అటు దింపితే ఎవరిదో ఇల్లు.”

“ఇల్లా? కప్పు లేదు, కిటికీ లేదు, దీన్ని ఇల్లంటారా?”

“పొయ్యి ఉందండీ,” అంది సర్వేయరు.

“పొయ్యి ఉంది, నిజమే. మనుషులే పోయి ఉన్నారు!” అని తన మాటకి తనే పకపకా నవ్వాడు. ఆ నవ్వు వెళ్లి చెట్టు మీది పిట్టల్ని లేపింది.

అత్త రెండో కాలు కూడా లోపలికే దింపింది. ఆవిడ ఊళ్లో పేరున్న దర్జీ. మేనకోడలు నేలను కొలుస్తుంది, మేనత్త నడుముల్ని కొలుస్తుంది. కోడలి కొలతల్లో తేడా వస్తే ఇరుగుపొరుగుల మధ్య కలత, అత్త కొలతల్లో తేడా వస్తే మొగుడూపెళ్లాల మధ్య కలత. చేతిలో ఎప్పుడూ పెద్ద కత్తెర. నిన్నటి నుంచి ఆ కత్తెర గుడ్డను మరిచిపోయి తీగల్ని కత్తిరిస్తోంది.

చదునుగారు నవ్వాపి సర్వేయరు దగ్గరికి వచ్చాడు. “చూడండి మేడమ్, దాపరికం లేకుండా చెబుతాను. వానలు పడేలోగా ఈ నేల చదును కాకపోతే పని నా చేతిలోంచి జారిపోతుంది. నా వెనక ఉన్న కూలీల చేతుల్లోంచి కూడా. ఇక మీ సంగతి. ఖాళీ అని రాసింది ఎవరు? మీరు. ఇప్పుడు ఇల్లు అంటే మీ ఆఫీసులో ఎవరు ఊరుకుంటారు? ఉత్త మాటతో పని ఆపితే, ముందు చదునయ్యేది మీ ఉద్యోగం.”

సర్వేయరు చేతిలోని పటం వైపు చూసింది. ఆయన అన్నదాంట్లో అబద్ధం ఒక్కటి కూడా లేదు. అదే బాధ. ఆమె చేతి గీత మీదే చదును చేసే యంత్రం రాబోతోంది. జానెడు మొక్కగా ఉన్నప్పుడు ఎవరు పాతారో తెలియని ఆ చెట్లు, ఆ నీడ, గోడ రాళ్ల సందుల్లోంచి తల బయటపెట్టి చూస్తున్న ఆ తొండ, అన్నీ ఒక్క మాటకి కట్టుబడి ఉన్నాయి. ఆ మాట రాసింది తను. చెరపాల్సింది కూడా తనే.

“ఉత్త మాట కాదండీ. నీళ్ల చోటు కూడా చూపిస్తాను. కాస్త టైమివ్వండి.”

“ఎంత టైము?”

సమాధానం చెట్ల అవతలి నుంచి వచ్చింది. గుర్ర్ర్... మని పెద్ద చప్పుడు. సర్వేయరు ఉలిక్కిపడింది. యంత్రం బయల్దేరిందా?

“భయపడకండి. అది యంత్రం కాదు, డ్రైవరు,” అన్నాడు చదునుగారు. “తిని, యంత్రం నీడన పడుకున్నాడు. నిద్రలో వాణ్ణి లేపితే స్టీరింగు తిరగదు, మనిషి తిరగబడతాడు. ఒకసారి లేపి చూశాను. కోపంలో నా కారునే చదును చేశాడు. కాబట్టి వాడంతట వాడు లేచేదాకా మీ ఇష్టం. లేచాడో, ఆ తరవాత నా ఇష్టం.”

“అంటే ఆ గురక ఆగేలోగా?”

“అదే. గురక మీద గురి పెట్టుకుని వెతుక్కోండి.”

అత్త వెంటనే చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. “ఏమే, గట్టిగా ఊపిరి కూడా పీల్చకు,” అని గుసగుసలాడి, కొమ్మ మీద కూస్తున్న పిట్ట వైపు తిరిగి, “నువ్వు కూడా నోర్ముయ్యి!” అంది. ఆశ్చర్యం, పిట్ట మూసింది.

సర్వేయరుకి ఒళ్లంతా చురుకు పుట్టింది. భయం ఎటు పోయిందో పోయింది, దాని చోటులో ఉత్సాహం వచ్చి కూర్చుంది. ఊళ్లో పాత ఇల్లంటూ ఉంటే ఆమె గొలుసు దాని చుట్టూ తిరిగే ఉంటుంది. పాత మేస్త్రీలందరిదీ ఒకటే పద్ధతి. వంటింటి తలుపులోంచి పెరట్లోకి దిగితే కుడిచేతి వైపు బావి. నీళ్లు తోడేది కుడిచేత్తో గనక, బిందె మోసుకుని తిన్నగా వంటింట్లోకి రావాలి గనక. ఆ పద్ధతి తప్పిన ఇల్లు ఆమె పటాల్లో ఒక్కటీ లేదు.

“కుడివైపు అత్తా! కచ్చితంగా కుడివైపే!”

వంటిల్లు దాటి పెరట్లోకి దిగారు. జెండాలు పాతడానికి తెచ్చిన గడ్డపారతో ఆమె తవ్వడం మొదలుపెట్టింది. గట్టిగా పొడిస్తే చప్పుడు, మెల్లిగా పొడిస్తే మట్టి కదలదు. దొంగతనం చేసేవాడు కూడా ఇంత మెత్తగా తవ్వి ఉండడు. అత్త మట్టిని గంపకెత్తినట్టు దోసిళ్లకెత్తి పక్కన పోస్తోంది. పోస్తూనే నోటితో కబుర్లు కుడుతోంది.

“మీ తాతయ్యని తీసుకొచ్చి ఉంటే బాగుండేదే. ఎంతయినా మేస్త్రి. రాయిని చూసి దాని పుట్టుపూర్వోత్తరాలు చెబుతాడు. నిన్న రాత్రి భోజనాల దగ్గర ‘గుబురులో గోడ కనిపించింది నాన్నా’ అన్నానో లేదో, ఆయనకి పొలమారింది. నెత్తి మీద తట్టి, ‘ఎవరో తలుచుకుంటున్నట్టున్నారు’ అన్నాను. ‘ఆ గుబురులో ఏముంటుంది, దోమలు తప్ప’ అని లేచి వెళ్లిపోయాడు.”

“ఇవాళ ఏడీ?”

“ఎక్కడుంటాడు, పార్కులో. చదరంగం. ఈ మధ్య ఆయనకి ఆకలి కూడా పెరిగిందే! రోజూ రెండు గిన్నెల క్యారియరు కట్టించుకుని పోతాడు. ఒక గిన్నె రాజుకి, ఒక గిన్నె మంత్రికి కాబోలు.”

గడ్డపార టక్కుమంది. ఇద్దరూ బిగుసుకుపోయారు. చెట్ల అవతల గురక ఒక్క క్షణం తడబడింది, దారి తప్పింది, మళ్లీ దారిలో పడింది. వంగి చూస్తే, టక్కుమన్నది బావి గట్టు కాదు. వేరు. ఇంకా లోతుకి వెళ్తే పచ్చి మట్టి. ఇంకా పక్కకి వెళ్తే అదే మట్టి. మనిషి చెయ్యి ఎన్నడూ తాకని మట్టి.

గడప మీద కూర్చున్న చదునుగారు గడ్డం కింద చెయ్యి పెట్టుకున్నాడు. “ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు మేడమ్. మీకు గొయ్యి బాగానే కుదిరింది. నుయ్యి ఏదీ?”

“బావి ఉంటుందండీ. ఉండి తీరాలి.”

“బావి లేకపోతే ఈ ఇంటికి భావి లేదు. అంతే కదా?” అని లేచి, ఇంకోసారి నవ్వుదామని లోపలికి ఒక అడుగేశాడు. సగం పడిపోయిన తలుపు చట్రం ఒకటి అక్కడ ఒంటికాలి మీద నిలబడి ఉంది. దానికి వెళ్లి భుజం కొట్టుకున్నాడు. నవ్వు ‘అబ్బా’గా మారింది. పక్కకి జరిగితే పొయ్యి గట్టు మోకాలికి తగిలింది. “ఎవడండీ ఈ ఇల్లు కట్టింది? మనిషి నడిచే చోటల్లా ఏదో ఒకటి అడ్డం పెట్టాడు!”

“ఇప్పుడు ఇల్లు అన్నావు చూడు!” అంది అత్త.

“నోరు జారాను. రాళ్లకుప్ప.”

సర్వేయరు వాళ్ల మాటలు వినడం లేదు. గోతి అంచున కూర్చుని, మట్టి చేతులతో నుదురు పట్టుకుంది. పద్ధతి తప్పదు. తప్పదంటే తప్పదు. మరి తప్పిందెక్కడ? ఉత్తరం వైపు చూసింది. అటు ఒక్క గది మాత్రం పడిపోయినట్టు లేదు, తీగలు నిండా కప్పుకుని పచ్చటి గుట్టలా ఉంది. అటు వెళ్లాలంటే ముళ్లు. ముళ్లు తీయాలంటే టైము. టైమంటే గురక. ఆ గురక కూడా పలచబడుతోంది, చివరికొచ్చిన దారపు ఉండలా.

“ఏం ఉక్కపోత బాబూ,” అంది అత్త. కళ్లజోడు తీసి, చెంగుతో ముఖం తుడుచుకుని, మాట్లాడుతూనే వంటింట్లోకి నడిచి, మాట్లాడుతూనే వెనక్కి వచ్చింది. వచ్చి గోతిలోకి తొంగి చూసింది. కళ్లు చికిలించింది. “నా కళ్లజోడేదే?”

“నువ్వే కదా తీశావు.”

“తీసి ఎక్కడ పెట్టాను? రోజూ పెట్టే చోటే పెట్టి ఉంటాను.”

“రోజూ పెట్టే చోటు ఇంట్లో కదా అత్తా ఉండేది.”

“అదే మరి! పొయ్యి పక్క గూట్లో...” అని అత్త ఆగిపోయింది.

ఇద్దరూ ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకున్నారు. తరవాత మెల్లగా, గాజు బొమ్మ దగ్గరికి వెళ్లినట్టు, పొయ్యి దగ్గరికి వెళ్లారు. పొయ్యికి ఎడమవైపు గోడంతా తీగ. ఆకు మీద ఆకు, గోడ రాయి ఒక్కటీ కనిపించదు. సర్వేయరు ఆకుల మధ్యకి చెయ్యి పోనిచ్చింది. చెయ్యి మోచేతి దాకా వెళ్లింది. లోపల నున్నటి గూడు. గూట్లో అత్త కళ్లజోడు, కాళ్లు మడిచి, సొంత ఇంట్లో పడుకున్నంత హాయిగా పడుకుని ఉంది.

“అత్తా, ఇక్కడ గూడు ఉందని నీకెలా తెలుసు?”

“నాకేం తెలుసే! చెయ్యి వెళ్లింది, పెట్టింది.”

“కనపడని గూట్లోకా?”

“మనింట్లో మాత్రం చూసి పెడతానా?”

సర్వేయరు గుండె గొలుసు తెంచుకున్న దూడలా ఎగిరింది. ఊళ్లో ఏ ఇంట్లోనైనా గూడు పొయ్యికి కుడివైపు ఉంటుంది. ఒక్క ఇంట్లో తప్ప. ఆ ఒక్క ఇల్లు తమది. తాతయ్యది ఎడమచేతి వాటం. తాపీ ఎడమచేతిలో, దారం గుండు కుడిచేతిలో. ఊరి వాళ్ల ఇళ్లన్నీ వాళ్ల చేతికి కట్టిచ్చాడు, తన ఇల్లు మాత్రం తన చేతికి కట్టుకున్నాడు. ఆ ఇంట్లో తలుపులు అటు తిరగవు, ఇటు తిరుగుతాయి. గడియ ఎడమ, గూడు ఎడమ, మెట్ల పట్టె ఎడమ. వచ్చిన చుట్టాలు పోయేలోగా ఒంటి నిండా బొప్పులు కట్టించుకుని పోతారు. ఆ ఇంట్లో పెరిగినవాళ్ల అవస్థ దీనికి తలకిందులు. ఊళ్లో అత్త కొట్టుకోని తలుపు లేదు. బట్టల కొట్టువాడైతే తలుపు దడదడలాడగానే, చూడకుండానే, “రండమ్మా, దారాలొచ్చాయి” అంటాడు.

అలాంటి అత్త, నిన్నటి నుంచి ఈ శిథిలంలో, గుడ్డలో సూది దూరినట్టు తిరుగుతోంది. ఒక్క రాయి తగల్లేదు. ఒక్క దెబ్బ తగల్లేదు. తనకీ తగల్లేదు. తగిలింది చదునుగారికే.

“అత్తా,” అంది ఆమె. “ఇది తాతయ్య కట్టిన ఇల్లు.”

“ఛ. ఆయన కట్టిన ఇళ్లన్నీ నాకు తెలుసు. ఎవరికి కట్టినా కుడిచేతికే కట్టాడు. ఎడమచేతికి కట్టింది ఒక్కటే, అదీ తన కోసం. అది మనది.”

“కదా? తన కోసమైతేనే కదా అలా కడతాడు?”

అత్త గూటి అంచుని వేలితో తడుముతూ చిన్నపిల్లలా అంది: “అయితే ఇది రెండోదా?”

“లేదా మొదటిది.”

చెట్ల అవతల గురక దగ్గుగా మారింది. దగ్గు ఆగింది. మళ్లీ సన్నగా, ఈలలా, పోనా ఉండనా అన్నట్టు మొదలైంది.

“ఎడమ!” సర్వేయరు కేకని పళ్ల మధ్య నొక్కిపట్టి పరుగెత్తింది. “అత్తా, బావి ఎడమవైపు!”

పెరటి గుమ్మంలోంచి దిగి ఎడమకి తిరిగారు. అంతా ఆకులే. మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో తోసేస్తున్నారు. అత్తకి మోకాళ్ల నొప్పులున్న సంగతి అత్తకే గుర్తు లేదు. తోస్తూ తోస్తూ సర్వేయరు ఒక ఆకుని ఎత్తి చూసింది. రాలిన ఆకులైతే గాలి ఎటు నెడితే అటు ఉండాలి. ఇవి రాలినట్టు లేవు. చాప పరిచినట్టు, ఒకదాని మీద ఒకటి ఎవరో పరిచినట్టున్నాయి. ఆ సంగతి మనసులో ఒక మూల ముడి వేసుకుని ఇంకో దోసెడు తోసింది. చేతికి చెక్క తగిలింది.

గట్టి చెక్క. గుండ్రంగా, కింద రాతి గట్టు.

ఇద్దరూ చెరో అంచు పట్టుకున్నారు. చదునుగారు కూడా, ఎప్పుడు లేచాడో, వెనక నిలబడి మెడ సాగదీశాడు. ఎంత చదును చేసే మనిషికైనా మూత తీస్తుంటే లోపల ఏముందో చూడాలని ఉండదూ?

“ఊఁ!” చెక్క లేచింది. చల్లటి గాలి ముఖాన కొట్టింది. కింద, చీకట్లో, రూపాయి బిళ్లంత ఆకాశం మెరిసింది. అందులో మూడు తలకాయలు.

“నీళ్లే!” అత్త అరిచింది. గుసగుస కాదు, మామూలు అరుపు కాదు, ముగ్గురు పెళ్లికూతుళ్ల బట్టలు ఒకేసారి సరిపోయినప్పుడు అరిచే అరుపు. “నీళ్లే కోడలా! నీళ్లు!”

గురక ఆగిపోయింది.

అడవంతా ఊపిరి బిగబట్టింది. కొమ్మలు విరుగుతున్న చప్పుడు. చెట్లు పక్కకి తప్పుకున్నట్టుగా, వాటి మధ్య నుంచి డ్రైవరు వచ్చాడు. తలుపంత మనిషి. కళ్లు సగం మూసే ఉన్నాయి. చదునుగారు వెనక్కి వెనక్కి నడిచి వంటింట్లోకి పోయి పొయ్యిని మళ్లీ మోకాలితో పలకరించాడు. డ్రైవరు ఎవరి వైపూ చూడలేదు. బావి వైపు చూశాడు. గట్టు లోపలి కొక్కేనికి బకెట్టు, తాడు కనపడితే వదిలి, చేది, బకెట్టు ఎత్తి గటగటా తాగాడు. గొంతు దిగేవి దిగాయి, చొక్కా తడిపేవి తడిపాయి. అప్పుడు పూర్తిగా కళ్లు తెరిచాడు.

“తియ్యగా ఉన్నాయి సార్,” అన్నాడు.

“నిన్నెవడు తాగమన్నాడురా!” అన్నాడు చదునుగారు నెత్తి కొట్టుకుని. టోపీ ఉంది గనక చెయ్యికే దెబ్బ తగిలింది.

సర్వేయరు లేచి నిలబడింది. ముఖం మీద మట్టి, జుట్టులో ఆకులు, గొంతులో తిరునాళ్లంత సంబరం. “పొయ్యి, గడప, నీళ్లు. మూడూ ఉన్నాయండీ. పటంలో ‘ఖాళీ’ కొట్టేసి ‘ఇల్లు’ అని రాస్తున్నాను. ఖాళీ అని రాసిన తప్పు కూడా నాదేనని కింద రాస్తాను. సాక్షి మీ డ్రైవరు గారు.”

“ఇది పాత బావి కాదమ్మా,” అన్నాడు డ్రైవరు, మూతి తుడుచుకుంటూ.

“అంటే?”

“అంటే, పాతదే గానీ మూలపడ్డది కాదు. తోడకుండా వదిలేసిన నీళ్లకి ఆకు కంపు వస్తుంది. ఇవి రోజూ తోడుతున్న నీళ్లు. ఈ తాడు చూడండి, నేను పట్టుకోకముందే తడిగా ఉంది.”

మనసులో వేసుకున్న ముడి బిగుసుకుంది. పరిచిన ఆకులు. తడి తాడు. ఆమె అత్త వైపు చూసింది. అత్త తాడు కొసన ముడిని చూస్తోంది. మామూలు ముడి కాదది, అటునుంచి ఇటు తిప్పాల్సింది ఇటునుంచి అటు తిప్పి వేసిన ముడి. కుట్టుమిషను మూత మీద, పెరటి దండెం మీద, అత్త పుట్టిన దగ్గర్నుంచి చూస్తున్న ముడి.

చదునుగారు మాత్రం మాట వెతుక్కుంటున్నాడు. దొరికింది. “సరే. ఒప్పుకున్నాను. ఇల్లే. కానీ నిబంధన అంతటితో ఆగలేదు మేడమ్. ‘ఇంటివాళ్లను అడగకుండా’ అని కదా ఉంది? అడుగుతాను. మర్యాదగా, టోపీ తీసి మరీ అడుగుతాను. ఏరీ ఇంటివాళ్లు? ఇంటివాళ్లే లేని ఇంటికి నేనెవర్ని అడగాలి, తొండనా?” డ్రైవరు వైపు తిరిగాడు. “నీళ్లు తాగావుగా, ఇక యంత్రం ఎక్కు.”

డ్రైవరు భుజాలు ఎగరేసి చెట్ల వెనక్కి వెళ్లాడు. ఈసారి వచ్చిన గుర్ర్ర్ గురక కాదు. నేల అదిరింది. గోడ మీది తొండ తుర్రుమంది. మొదటి చెట్టు పైన ఆకులు వణికాయి. సర్వేయరు పరుగెత్తి ఆ చెట్టుకి అడ్డంగా నిలబడింది. ఎందుకు నిలబడిందో తరవాత ఆలోచించుకోవచ్చు. “ఆపండి! ఇంటివాళ్లు ఎవరో మాకు తెలుసు! మా తాతయ్య...”

యంత్రం ఆగింది.

ఆమె మాటకి కాదు. డ్రైవరు చూపు ఆమెను దాటి ఇంకెక్కడో ఉంది. ఆమె తిరిగి చూసింది. పొదల మధ్య, నిన్నటి నుంచి వాళ్ల కంటపడని సన్నటి కాలిబాట మీద, తాతయ్య నిలబడి ఉన్నాడు. ఎడమచేతిలో కర్ర. కుడిచేతిలో రెండు గిన్నెల క్యారియరు.

“నాన్నా!” అంది అత్త. “నువ్వు పార్కులో లేవూ?”

ఆయన దొరికిపోయిన దొంగలా లేడు. ఎప్పటి నుంచో మోస్తున్న బరువుని దింపే చోటు కనపడ్డ మనిషిలా ఉన్నాడు. కూతుర్ని చూశాడు, మనవరాల్ని చూశాడు, తెరిచిన బావిని చూశాడు, యంత్రాన్ని చూశాడు. చదునుగారి ముందుకు వచ్చి కర్ర నేలకి ఆనించాడు.

“ఇంటివాళ్లను అడగాలన్నావుటగా బాబూ?”

“అడగాలండీ. మీరేనా?”

“కట్టింది నేను. కానీ అడగాల్సింది నన్ను కాదు.”

తీగలు కప్పుకున్న ఉత్తరం గది వైపు తిరిగాడు. అత్త కోడలి చెయ్యి పట్టుకుంది. ఆ పట్టు కోడలి ఎముకల దాకా తెలిసింది. చదరంగంలో రాజు ఉంటాడు, మంత్రి ఉంటాడు. రాణి ఉండదు. అంతవరకే ఆలోచించింది అత్త ఇన్నాళ్లూ, ఆ రెండో గిన్నె గురించి.

తాతయ్య గొంతు సవరించుకున్నాడు. నానమ్మ పోయిన దగ్గర్నుంచి ఊళ్లో వాళ్ల ఇంట్లో ఎవరూ వినని పిలుపు, ఏ మగవాడైనా ఈ లోకంలో ఒక్క మనిషినే పిలిచే పిలుపు, ఆయన నోట్లోంచి వచ్చింది.

“ఏమేవ్! మనవాళ్లొచ్చారు. ఇక దాక్కున్నది చాలు, బయటికి రా.”

పచ్చటి గుట్టలో ఎక్కడో గడియ కదిలింది. తీగలు ఒక్కొక్కటీ పక్కకి జరిగాయి. గోడనుకున్నచోట తలుపు తెరుచుకుంది, ఊళ్లో ఒక్క ఇంట్లో తప్ప ఏ తలుపూ తెరుచుకోని వైపుకి.